పెట్టనివ్వను

ఆ మాట నేను ప్రాస కోసం రాశాను. ముందే ఒప్పుకోవడం మంచిది. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క మాట వల్లే జరిగింది.

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో, ఇళ్ళు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట ఉన్న హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్తాను. పర్యావరణ క్లబ్బు బాధ్యత కూడా నాదే. బాధ్యత అంటే పెద్ద మాటే. వానాకాలంలో మొక్కలు నాటించడం, అదీ పోయినేడు తవ్విన గుంతల్లోనే. నాటిన మొక్క ముందు నిలబడి ఫోటో దిగడం. గోడ మీద "నీరే ప్రాణాధారం" అని రంగులతో రాయించడం, ఆ గోడ పక్కనే కారే కుళాయిని ఎవరూ బాగుచేయించకపోవడం. ఎండాకాలానికి గుంతలు ఖాళీ అయ్యేవి. వచ్చే ఏడు మళ్ళీ తవ్వే పని లేదులే అని నేను కూడా ఊరుకునేదాన్ని.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టర్ సారు ఫోను చూసుకుంటూ నా క్లాసు గుమ్మంలోకి వచ్చారు. "టీచర్, అడవి మంటల మీద పిల్లలతోని ప్రతిజ్ఞ చేయించాలంట. నాలుగు గంటల లోపు ఫోటో గ్రూపుల పెట్టాలంట" అన్నారు. అప్పటికే మూడు దాటింది. అడవి తగలబడిపోతున్నా అంత తొందర ఉండదేమో, ఫోటోకి మాత్రం ఉంటుంది.

చార్టు పరిచి "అడవికి నిప్పు పెట్టను" అని రాశాను. చదువుకుంటే బోసిగా ఉంది. పక్కన "పెట్టనివ్వను" అని చేర్చాను. నిప్పు పెట్టను, పెట్టనివ్వను. నోటికి నిండుగా ఉంది కదా అని నాలో నేను మెచ్చుకున్నాను కూడా.

బడి గోడ పెచ్చులూడి ఉంది. ఫోటో బాగుండదని పిల్లల్ని బడి వెనకాల ఉన్న ఇప్పచెట్టు దగ్గరికి తీసుకుపోయాను. పెద్ద చెట్టు, ఆకు సగం రాలి ఉంది. "అందరూ చెట్టు మీద చెయ్యి పెట్టండి. అందనివాళ్ళు ముందువాళ్ళ భుజం మీద పెట్టండి" అన్నాను.

పిల్లలు కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ముందుకొచ్చి అడిగింది.

"నిజంగనే పెట్టాల్నా టీచర్?"

"నిజంగానే. జల్దీ కానియ్, టైమ్ లేదు."

ఆ పిల్ల చెప్పులు విడిచింది. అరచెయ్యి లంగాకు తుడుచుకుంది. అప్పుడు పెట్టింది చెట్టు మీద. ఆమెను చూసి మిగతావాళ్ళూ చెప్పులు విడిచారు. నేను చార్టు చదివాను, వాళ్ళు నా వెంట చెప్పారు. రోజూ ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు సగం మంది ఆవలిస్తారు, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటారు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు, ప్రతి అక్షరం స్పష్టంగా పలికారు. ఎంత క్రమశిక్షణ వచ్చింది నా పిల్లలకి అని మురిసిపోయాను. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఫోటో గ్రూపులో పడింది. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి.

నాది ఇల్లందు. మా నాన్నది గాజుల దుకాణం. మా ఇంట్లో ఎన్ని మాటలైనా అనొచ్చు గానీ 'కసమ్' అనే మాట మాత్రం ఊరికే అనకూడదు. చిన్నప్పుడు గోలీల ఆటలో దొంగతనం చేసి, చేయలేదని ఖురాన్ మీద కసమ్ అనబోతే అమ్మ వెనక నుంచి వచ్చి నోటి మీద కొట్టింది. దొంగతనానికి ఏమీ అనలేదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, ఒట్టు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ప్రతిజ్ఞ అనేది వేరే సంగతి అనుకున్నాను. ప్రతిజ్ఞ బడిలో ఉంటుంది, బెల్లుకీ హాజరుకీ మధ్య. అది ఎవరి ఇంటికీ వెళ్ళదు అనుకున్నాను.

మార్చి రెండో వారం దాటాక ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదింటికి బెల్లు. నాకు ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ములకలపల్లిలో గది కిరాయికి తీసుకుని, స్కూటీ మీద వచ్చే నేను ఒక్క రోజైనా ఆలస్యం కాను కదా, బడి వెనక గూడెంలో ఉన్నవాళ్ళకి ఏమొచ్చింది అని నా లెక్క.

ఆలస్యంగా వచ్చింది ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే. ఆమె గురించి కొంచెం చెప్పాలి. కోయ పిల్ల. తల్లీతండ్రీ ఏటా ఈ రోజుల్లో మిరపకోతకు వలస పోతే, అమ్మమ్మతో ఉంటుంది. క్లాసులో మాట తక్కువ. ఒకసారి నేను ఆకుల అమరిక గురించి బోర్డు మీద బొమ్మ వేసి చెప్తుంటే ఏమీ అనకుండా విని, మర్నాడు ఒక కొమ్మ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. నేను వేసిన బొమ్మ తప్పు. "మీరు చెప్పింది కూడా ఉంటది టీచర్, గది వేరే చెట్టు" అని నా పరువు కూడా తనే కాపాడింది. అలాంటి పిల్ల ఒకరోజు ఎనిమిదిన్నరకు వచ్చింది. రెండో రోజు పావు తక్కువ తొమ్మిదికి. మూడో రోజు వరండాలో నిలబెట్టాను.

"ఎందుకు లేటు?"

"పనుండె టీచర్."

"ఏం పని?"

తల దించుకుంది. జడలో ఎండుటాకు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. చేతివేళ్ళ నిండా గీతలు. ఆమె దగ్గర నుంచి ఇప్పపువ్వు వాసన, మత్తుగా, తియ్యగా వస్తోంది. కళ్ళ ముందు ఇంత కనపడుతున్నా నాకు కనపడలేదు. నేను గడియారమే చూశాను. నాలుగు రోజులు వరండాలో నిలబెట్టి, ఐదో రోజు "రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకొస్తేనే లోపలికి రావాలి" అన్నాను.

తీసుకొచ్చింది. అమ్మమ్మ చిన్న మనిషి, నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. హెడ్మాస్టర్ సారు కుర్చీ వేయించారు. కూర్చోలేదు. కోయ భాషలోనే ఎక్కువ మాట్లాడుతుంది, మాతో మాత్రం తెలుగులో మాట్లాడింది.

"పిల్లతోని ఏం ఒట్టు పెట్టిచ్చినవ్ పంతులమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది, నిలబడే, కర్ర మీద రెండు చేతులూ ఆనించి. వాళ్ళకి ఏడు ఇప్పచెట్లు. కాగితం మీద కాదు, ఊరి కట్టుబాటు ప్రకారం. ఆమె తల్లి ఏరిన చెట్లు, ఆమె ఏరుతున్న చెట్లు. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటే అందులో పడిన పువ్వు కనపడదు. అందుకని పువ్వు మొదలయ్యే ముందు చెట్టు కింద ఆకుకు నిప్పు పెడతారు. నేల నల్లగా, శుభ్రంగా అయిపోతుంది. తెల్లటి పువ్వు ముసలి కళ్ళకి కూడా కనపడుతుంది. ఆ పువ్వు ఎండబెట్టి సంతలో కొంత అమ్ముకుంటారు, కొంత వానాకాలానికి దాచుకుంటారు. ఈ ఏడు అగ్గిపెట్టె తీసుకుని పోతే మనవరాలు చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"నిప్పు పెట్టనియ్య అంటది. నేను పెట్టుడు కాదు, నిన్ను గూడ పెట్టనియ్యొద్దని ఒట్టున్నది అంటది. ఇప్పచెట్టు మీద చెయ్యిపెట్టి అన్ననంటది. మేము పెండ్లి మాటలు గూడ గా చెట్టు కిందనే మాట్లాడుకుంటం. దాని మీద చెయ్యిపెట్టి అన్న మాట తప్పుతరా? నువ్వే చెప్పు."

పెట్టనివ్వను. నోటికి నిండుగా ఉందని చేర్చిన మాట. నాకు తల కొట్టేసినట్టయింది.

"మరి పువ్వు?" అన్నాను మెల్లగా.

"గదే చెప్తున్న. ఆకు ఊడుస్తది. పొద్దుగాల లేసి చీపురు పట్టుకపోతది. ఎన్ని ఊడుస్తది ఒక్క పిల్ల? రెండు చెట్లు. గవి ఏరేసరికి మీ బెల్లు కొడ్తరు. తతిమ్మ ఐదు చెట్ల పువ్వు పశువులు తింటున్నయ్. ఆకులల్ల వెతుకుదమంటే నా కండ్లు పోయినయ్. బడికి లేటొస్తే నువ్వు బయట నిలబెడ్తున్నవ్."

ఆ చివరి మాటకి నేను ఆ పిల్ల వైపు చూడలేకపోయాను.

హెడ్మాస్టర్ సారు నన్ను ఆదుకోబోయారు. "అమ్మా, అది ఒట్టు కాదు. ప్రతిజ్ఞ. రోజూ చేయిస్తం పిల్లలతోని."

అమ్మమ్మ మనవరాలిని కోయలో ఏదో అడిగింది. పిల్ల చెప్పింది. అమ్మమ్మ సారు వైపు తిరిగింది. "రెండూ ఒకటే అంటుంది గద పిల్ల. మీరే చెప్పిన్రంట అర్థం."

సారు నావైపు చూశారు. అవును, ప్రతిజ్ఞ అంటే ఒట్టు పెట్టుకోవడం అని చెప్పింది నేనే, ఆరో తరగతిలో, తెలుగు టీచరు సెలవు పెట్టిన రోజు.

అమ్మమ్మ తేల్చేసింది. "రెండిట్ల ఏదో ఒకటి చెయ్యి. ఒట్టు తీసెయ్. లేకుంటే నేను పిల్లను బడి మాన్పిస్త. బడి లేకపోతే ఏడు చెట్లు అదే ఊడ్చుకుంటది, ఒట్టు గూడ ఉంటది. వచ్చే సంత దాక చూస్త."

సంత ఐదు రోజుల్లో ఉంది. ఇక్కడ ఒకసారి బడి మానిన పిల్ల మళ్ళీ రావడం నేను చాలా తక్కువ చూశాను. పువ్వు అయిపోయాక గింజ వస్తుంది, గింజ అయిపోయాక నాట్లు వస్తాయి. పని తర్వాత పని వస్తూనే ఉంటుంది.

గాభరాలో నాకు తోచింది చేశాను. మా చిన్నప్పుడు ఒట్టు వదిలించుకోవడానికి ఒక ఉపాయం ఉండేది. చేత్తో తీసినట్టు నటించి గట్టు మీద పెట్టేస్తే సరి. పిల్ల ముందు వంగి, "ఇదిగో, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. అయిపోయింది" అని నవ్వాను.

ఆ పిల్ల నవ్వలేదు. నాకే ఏదో తెలియదని జాలిపడ్డట్టు చూసింది. "గట్టు మీద పెడ్తే చెట్టుకు తెల్వదా టీచర్?"

అమ్మమ్మ వెళ్ళబోతూ ఆగింది. "అవ్ గని, నువ్వు పెట్టినవా చెయ్యి?"

హెడ్మాస్టర్ సారు ఫోనులో ఆ రోజు ఫోటో వెతికి చూపించారు, మంచి ఉద్దేశంతోనే. అందరి చేతులూ ఉన్నాయి. చెట్టు మీద కొన్ని, భుజాల మీద కొన్ని. నేను లేను. ఫోటో తీసింది నేను.

"పిల్లలను పట్టిచ్చి నువ్వు తప్పుకున్నవ్" అంది అమ్మమ్మ. కోపంగా కూడా అనలేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అవి రంజాన్ రోజులు. సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఏదో ఓదారుస్తుందనుకుంటే గయ్యిమంది.

"పరాయి పిల్లలతో కసమ్ చేయిస్తావా? అదీ ఫోటో కోసమా? నీ నోటి మీద నేను కొట్టింది చాల్లేదు."

"ఇప్పుడేం చేయను అమ్మీ?"

"ఏం చేస్తావు, చేయించినదానివి నువ్వే మొయ్యి. సహెరీకి లేస్తావు కదా, మళ్ళీ పడుకుని ఏం సాధిస్తావు?"

మర్నాడు తెల్లవారకముందే లేచి సహెరీ తిని, నమాజు చేసుకుని, గది యజమానురాలి పుల్లల చీపురు అడిగి స్కూటీకి కట్టుకుని బయలుదేరాను. తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. గూడెం చివర ఆ పిల్ల చీపురుతో, గంపతో ఎదురైంది. నన్ను చూసి భయపడింది. "ఇయాల లేటు కాను టీచర్" అంది. అంత పొద్దున్నే నేను అక్కడికి కూడా గడియారంతోనే వచ్చాననుకుంది. నా మీద నాకే రోత పుట్టింది.

"నేను ఊడవడానికి వచ్చాను. చూపించు" అన్నాను.

దారి పొడుగునా గట్టిగా మాట్లాడుతూ నడిచింది. మాట తక్కువ పిల్ల కదా అని ఆశ్చర్యపోతుంటే చెప్పింది, ఎలుగుబంట్లు కూడా పువ్వు కోసం వస్తాయట, మనుషుల గొంతు వింటే పక్కకు పోతాయట. ఆ తర్వాత నేను ఆమెకన్నా గట్టిగా మాట్లాడాను.

చెట్టు కిందికి వెళ్ళాక ఆమె పని చూశాను. మొదలు దగ్గర నుంచి బయటికి, గుండ్రంగా తిరుగుతూ, చీపురు నేలకు తగిలీ తగలనట్టు ఊడుస్తుంది. ఆకు కదులుతుంది, మన్ను కదలదు. ఊడ్చిన ఆకును చెట్టు చుట్టూ కట్టలా దూరంగా చేరుస్తుంది. ముందు రోజు సాయంత్రం ఊడిస్తే సరిపోదా అని తెలివిగా అడిగాను. పక్కనున్న టేకు ఆకులు రాత్రి గాలికి మళ్ళీ వచ్చి పరుచుకుంటాయట. ఒక రోజు అలా చేసి చూసిందట. ఆకు ఎంత మందాన ఉంటే పువ్వు ఎంత దాక్కుంటుందో, ఏ చెట్టు ముందు రాలుస్తుందో, ఏది ఎండ వచ్చేదాకా పట్టి ఉంచుతుందో అన్నీ చూసి పెట్టుకుంది. నేను క్లాసులో పరిశీలన, ప్రయోగం, నిర్ధారణ అని మూడు మాటలు బోర్డు మీద రాసి చెప్పేది ఈమెకేనా అనిపించింది.

"టీచర్, గట్ల ఊడిస్తే మన్ను లేస్తది. ఇంట్ల ఊడ్చినట్టు కాదు" అని నా చేతిలో చీపురు తిప్పి పట్టించింది. "మీరు ఫోన్ల టైమ్ చూడండి, నేను ఊడుస్త" అని కూడా అంది, నవ్వాపుకుంటూ. వరండాలో నిలబెట్టినందుకు ఆ పిల్ల నా మీద తీర్చుకున్న పగ అంతా కలిపి అంతే.

మూడో చెట్టు దగ్గర చీపురు ఆపి, వంగి, ఏదో చూపించింది. జానెడు కూడా లేని మొక్క. రెండు ఎర్రటి లేత ఆకులు.

"ఇప్ప మొక్క టీచర్. ఏడాది ఏడాది కాలుతది, మళ్ళ మొలుస్తది. ఈసారి కాలలే." కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఈ చెట్లన్నీ అమ్మమ్మ కన్న పెద్దయి. నేను లెక్క చూసిన. నా వయసు చెట్టు ఒక్కటి లేదు."

ఇన్నేళ్ళు ఆ అడవి పక్కనే పాఠాలు చెప్పాను. మొక్కల్లో ప్రత్యుత్పత్తి మీద ఎన్ని ప్రశ్నపత్రాలు తయారుచేశానో. ముసలి చెట్ల కింద పిల్ల చెట్టు లేదని ఒక్కసారి చూడలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల తన ఈడు చెట్టు కోసం వెతుక్కుంది. లేకపోతే ఎందుకు లేదో కనుక్కుంది. ఒట్టు ఆమెను పట్టి ఉంచిందని నేననుకున్నాను గానీ, ఆ రోజు చెట్టు మీద చెయ్యి పెట్టేముందు "నిజంగనే పెట్టాల్నా" అని అడిగినప్పుడే ఆమె ఇదంతా ఆలోచించుకుని ఉంటుంది.

వెలుతురు వచ్చేసరికి అమ్మమ్మ వచ్చింది. నన్నూ, నా చీపురునూ, చెమటకి అంటుకున్న నా ముసుగునూ చూసింది. కూర్చుని పువ్వు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి గుప్పెడు పువ్వు తుడిచి నా ముందు చాపింది.

"తిను."

"ఒక్కపొద్దు ఉన్నానమ్మా."

"మంచినీళ్ళు?"

"అవి కూడా తాగకూడదు. సాయంత్రం దాకా."

"ఎవలు చూస్తరు ఈ అడివిల?"

"చూసేవాడు చూస్తాడు."

అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. "అయితే ఒట్టంటే నీకు గూడ తెల్సు" అంది. తర్వాత గడ్డంతో చెట్టు వైపు చూపించింది. "పెట్టు మరి చెయ్యి."

చెప్పులు విడిచాను. అరచెయ్యి తుడుచుకున్నాను. బెరడు చల్లగా ఉంది. నేను రాసిన వాక్యమే కదా, గడగడా చెప్పేయొచ్చు. అడవికి నిప్పు పెట్టను అన్నాను. రెండో మాట దగ్గర ఆగిపోయాను. పెట్టనివ్వను అంటే ఇంకొకరి చెయ్యి పట్టుకోవడం. ఆ చెయ్యి ఖాళీగా పోకుండా చూసుకోవడం. రేపూ, ఎల్లుండీ ఇక్కడికి రావడం. ఇంత బరువైన మాటని నలభై మంది పిల్లల నెత్తిన పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నాను.

"గట్టిగ అను. చెట్టుకు చెముడు" అంది అమ్మమ్మ. మనవరాలు పక్కకు తిరిగి నవ్వింది.

ఆ రోజు క్లాసులో అడిగాను, ఇంట్లో ఇంకెవరికి ఇలా అయిందని. సగానికి పైగా చేతులు లేచాయి. ఒక అబ్బాయికి తండ్రితో మూడు రోజులుగా మాటల్లేవట. ఇద్దరు అక్కచెల్లెళ్ళు పాత చీరలు కుట్టి చెట్టు కింద పరిచారట, మేకలు తొక్కి చింపేశాయట. ఇంకొకతె అగ్గిపెట్టెలు దాచేసి దెబ్బలు తిన్నదట. ఒక్కరు కూడా ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "మీరు పెట్టిచ్చిన ఒట్టే గద టీచర్, మీకు తెల్వదా" అన్నారు. నాకు తెలుసనుకున్నారు. నేను అన్నీ తెలిసే పెట్టించాననుకున్నారు. అంత నమ్మకానికి నేను తగినదాన్ని కాదు. కానీ ఆ మాట అప్పుడు వాళ్ళతో అనలేదు.

దారి చూపించింది కూడా వాళ్ళే. పొలాల్లో పెద్దవాళ్ళు బదులు పోతారు కదా, ఇవాళ మీ చేనుకు మేం, రేపు మా చేనుకు మీరు, అలాగే చెట్లకు పోదామన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి బోర్డు మీద రాసింది. ఎవరి చెట్లు ఏ వైపు, ఏవి ముందు రాలుస్తాయి, ఎవరు ఎక్కడికి. పది నిమిషాల్లో అయిపోయింది. పర్యావరణ క్లబ్బుకు అధ్యక్షులను ఎన్నుకోవడానికే నేను రెండు పీరియడ్లు తీసుకున్నాను ఆ ఏడాది.

హెడ్మాస్టర్ సారు మొదటి పీరియడు క్లబ్బుకి ఇచ్చి, రిజిస్టరులో 'ఫీల్డ్ వర్క్' అని రాశారు. "ఎవరన్న అడిగితే నేను చెప్పుకుంట" అన్నారు. మూడో రోజు ఆయనే లుంగీ కట్టుకుని చీపురుతో వచ్చారు. పది నిమిషాలు ఊడ్చి, నడుం పట్టుకుని, గంట సేపు ఆకుల కట్ట మీద కూర్చుని అందరికీ సలహాలిచ్చారు. ఆయన్ని ఫోటో తీద్దామని ఫోను తీశాను. "వద్దు టీచర్, ఈసారి వద్దు" అన్నారు.

ఆ ఐదు రోజులు నా పిల్లల్ని చూస్తూ ఎన్నిసార్లు ఆగిపోయానో. ఏడేళ్ళుగా ఈ బడిలో అడవి గురించి చెప్తున్నాను. వాళ్ళు ఎండుటాకు కింద నిద్రపోతున్న తొండను చీపురుతో తగలకుండా చేత్తో తీసి పక్కన పెట్టి, మళ్ళీ ఆకు కప్పేవారు. ఎవరూ చెప్పలేదు. మార్కులు లేవు. ఊడుస్తూ పోట్లాడుకునేవారు, పువ్వు నోట్లో వేసుకుని పాటలు పాడేవారు, ఎనిమిదిన్నరకి అందరూ వాసన కొడుతూ బడిలో ఉండేవారు.

సంత రోజు వచ్చింది. సాయంత్రం అమ్మమ్మ వాకిట్లోకి వెళ్ళాను. చాప మీద పువ్వు ఎండుతోంది. గుప్పెడు తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"పోయినేటి కన్న తక్కువనే" అంది.

నేను చాప పక్కన చతికిలబడ్డాను.

"బూడిద లేదు. మాడు వాసన లేదు" అని మళ్ళీ చాప మీద వేసింది. బడి సంగతి నేను అడగబోతే, "పొద్దు పోతుంది, నీ ఒక్కపొద్దు ఇడుచుకోపో బిడ్డా" అని పంపించేసింది.

మర్నాడు తెల్లవారి చెట్ల దగ్గర వాళ్ళిద్దరూ కనపడలేదు. నా వంతు వేరే వైపు పడింది, చూసి రావడానికి వీల్లేకపోయింది. ఎనిమిదిన్నరకి అందరూ వచ్చారు. ఆ పిల్ల రాలేదు. హాజరు పట్టీ తెరిచాను. ఆమె పేరు దాకా వచ్చి ఆగాను. పేరు పిలిస్తే ఎవరూ పలకరని భయం. జీవితంలో మొదటిసారి హాజరు వెయ్యకుండా పట్టీ అలాగే తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిది దాటాక గుమ్మంలో కర్ర చప్పుడైంది. ముందు అమ్మమ్మ. వెనకాల ఆ పిల్ల, పుస్తకాల సంచీతో.

"ఇయాల లేటు పిల్లతోని కాలే, నాతోని అయింది" అంది అమ్మమ్మ, ఊపిరి తీసుకుంటూ. "ఏడు చెట్లు తిరిగేసరికి గింత పొద్దెక్కింది. నా కాళ్ళు గట్లనే ఉన్నయ్. బయట నిలబెడ్తే నన్ను నిలబెట్టు."

"ఏడు చెట్లకీ ఎందుకమ్మా?"

మనవరాలు చెప్పింది. "అన్నిటి మీద చెయ్యి పెట్టింది టీచర్. ఒక్క దాని మీద పెడ్తే తతిమ్మయి అలుగుతయంట."

"ఏమంది?"

"మా పిల్ల మాట నేను పోనియ్యలే, నా చెట్టువైతే నువ్వు పువ్వు పోనియ్యకు అన్నది."

నేను లేచి కుర్చీ ఇవ్వబోయాను. అమ్మమ్మ దాన్ని చూడలేదు. మెల్లగా నడుచుకుంటూ పోయి చివరి బెంచీ మీద, మనవరాలి పక్కన కూర్చుంది. కర్రను బెంచీ కింద పెట్టుకుంది. నేను పట్టీ తీసి ఆగిన చోటు నుంచి ఆ పిల్ల పేరు పిలిచాను.

ఇద్దరూ పలికారు.